గోల్‌కీపర్ గుండె దిటవు: తరచుగా అడిగే ప్రశ్నలు

కాలేజీ రోజుల్లో నేను ఫుట్‌బాల్ గోలీని, అంటే గోల్‌కీపర్‌ని. ఇప్పుడు ఆదివారం పొద్దున్న పిల్లలకు గోల్‌కీపింగ్ నేర్పుతుంటాను. డైవ్ ఎలా చేయాలి, గ్లవ్స్ ఏవి కొనాలి అని అడిగేవాళ్లు తక్కువే. మనసు గురించే ఎక్కువమంది అడుగుతారు, అది కూడా అందరూ వెళ్లిపోయాక పక్కకు వచ్చి, గొంతు తగ్గించి. అలా నన్ను అడిగినవీ, అడగాలని ఉండి ఆగిపోయినవీ ఇక్కడ రాస్తున్నాను.

మెంటల్ టఫ్‌నెస్ అంటే గుండె రాయి చేసుకోవడమేనా?

కాదు, కానే కాదు. గోల్ పడితే బాధ కలగకూడదు, భయం వేయకూడదు, కళ్లలో నీళ్లు తిరగకూడదు అని ఎవరో చెబుతారు, పిల్లాడు నమ్మేస్తాడు, తీరా మ్యాచ్ రోజు కడుపులో తిప్పినప్పుడు నాలోనే ఏదో లోపం ఉందని కుంగిపోతాడు. ప్రపంచ కప్పులు గెలిచిన గోలీలే మాకు భయం వేసిందని నోరు తెరిచి చెప్పారు, వాళ్ల కథలు కింద రాస్తాను.

నా దృష్టిలో గట్టితనం అంటే జరిగిపోయిన బంతి దగ్గర్నుంచి రాబోయే బంతి దగ్గరికి మనసు ఎంత త్వరగా తిరిగి వస్తుందన్నదే. 2001 మే నెలలో హాంబర్గ్‌తో ఆఖరి లీగ్ మ్యాచ్, 90వ నిమిషంలో గోల్ పడి బయర్న్ మ్యూనిక్ చేతిలోంచి జర్మన్ లీగ్ టైటిల్ జారిపోయింది. అప్పుడు గోలీ ఆలివర్ కాన్ కూలబడిపోయిన తన జట్టువాళ్లను లేపి తరిమాడు. ఇంజురీ టైంలో, అంటే 90 నిమిషాలయ్యాక కలిపే కాస్త సమయంలో, బయర్న్ గోల్ కొట్టి టైటిల్ దక్కించుకుంది. "వైటర్, ఇమ్మర్ వైటర్", అంటే ముందుకు, ఎప్పుడూ ముందుకే అన్న మాట ఆ రోజు నుంచి కాన్ పేరుతో ముడిపడిపోయింది. ఆ మాటలో బాధపడొద్దు అని ఎక్కడా లేదు, గమనించండి.

మిగతా పదిమందికి లేని టెన్షన్ గోలీకే ఎందుకు?

లెక్కే అలాంటిది. స్ట్రైకర్ ఐదు అవకాశాలు పోగొట్టి ఆరోది కొడితే హీరో. గోలీ ఐదు ఆపి ఆరోది వదిలితే పేపర్లో ఫొటో ఆ ఆరోదానిదే వస్తుంది. వెనకాల సర్దుకోవడానికి ఇంకో మనిషి ఉండడు, 7.32 మీటర్ల వెడల్పు, 2.44 మీటర్ల ఎత్తు ఉన్న ఖాళీ మాత్రం ఉంటుంది. పైగా మిగతావాళ్లు పరుగెత్తుతూ చెమటతో పాటు టెన్షన్ కూడా కార్చేసుకుంటారు, గోలీకి ఆ వీలు కూడా లేదు, నిలబడే మోయాలి.

ఇది ఎంత దూరం వెళ్తుందో చూడాలంటే బ్రెజిల్ గోలీ బార్బోసా కథ చాలు. 1950 జూలై 16, మరకానా స్టేడియం, ఉరుగ్వేతో ప్రపంచ కప్ ఆఖరి మ్యాచ్, దాదాపు 2 లక్షల మంది జనం, డ్రా చేసుకున్నా కప్పు బ్రెజిల్‌దే. 79వ నిమిషంలో ఉరుగ్వే ఆటగాడు గిగియా కుడి వైపు నుంచి దూసుకొచ్చాడు. మొదటి గోల్‌కి అతను ఇలాగే వచ్చి లోపలికి క్రాస్ ఇచ్చాడు, అంటే పక్కనుంచి గోల్ ముందుకు బంతి పంపాడు కాబట్టి మళ్లీ క్రాసే ఇస్తాడనుకుని బార్బోసా అర అడుగు ముందుకు కదిలాడు. గిగియా దగ్గరి పోస్ట్ పక్కనుంచి కొట్టేశాడు. ఉరుగ్వే 2–1తో గెలిచింది. గోలీగా ఆలోచిస్తే బార్బోసా తీసుకున్నది తెలివితక్కువ నిర్ణయం కాదు, నేనైనా అదే చేసేవాణ్నేమో. అయినా దేశం అతన్ని క్షమించలేదు. బ్రెజిల్‌లో ఎంత పెద్ద నేరానికైనా శిక్ష 30 ఏళ్లే, నేను మాత్రం 50 ఏళ్లుగా అనుభవిస్తున్నాను అని ముసలితనంలో చెప్పుకున్నాడు. 2000లో చనిపోయాడు. ఇది చదివిన ప్రతిసారీ నాకు గొంతు పట్టేస్తుంది.

అంత పెద్ద తప్పు చేశాక మళ్లీ నిలబడటం నిజంగా సాధ్యమా, లేక అవన్నీ స్టేజీ మీద చెప్పే కబుర్లేనా?

సాధ్యమే. మనకు బాగా దగ్గరి ఉదాహరణ ఒకటుంది, ఇది మన దగ్గర ఇంకా ఎక్కువమందికి తెలియాలి.

2015 డిసెంబర్ 20. ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) ఫైనల్, గోవాలోని ఫతోర్డా స్టేడియం. సొంత గడ్డ మీద ఎఫ్‌సీ గోవా, ఎదురుగా చెన్నయిన్. గోవా గోలీ లక్ష్మీకాంత్ కట్టిమణి, గోవా కుర్రాడే. మ్యాచ్ ఆఖరి నిమిషాల్లో గోవా 2–1తో ముందుంది, ఇంకాసేపు ఆగితే కప్పు వాళ్లదే. 90వ నిమిషంలో బంతి కట్టిమణి మీదుగా లోపలికి పోయింది, రికార్డుల్లో సెల్ఫ్ గోల్ అని ఎక్కింది. తేరుకునేలోపే ఇంజురీ టైంలో ఇంకొకటి. 3–2, కప్పు చెన్నయిన్‌కి. సొంత ఊరివాళ్ల ముందు, ఫైనల్లో, చివరి నిమిషంలో, సొంత పేరు మీద గోల్. ఒక గోలీకి ఇంతకన్నా పెద్ద పీడకల ఉంటుందని నేను అనుకోను.

కట్టిమణి ఆట మానలేదు. 2019లో కొత్తగా పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీకి వచ్చాడు. మొదటి సీజన్‌లో ఆ జట్టు పట్టికలో అట్టడుగున నిలిచింది. ఆ తర్వాత మెల్లగా పుంజుకుని 2022 మార్చి 20న ఫైనల్‌కి చేరింది, కేరళ బ్లాస్టర్స్ మీద. స్టేడియం ఏదంటే మళ్లీ అదే ఫతోర్డా. స్టాండ్స్ నిండా కేరళ పసుపు రంగే. 1–1 దగ్గర ఆగి పెనాల్టీ షూటౌట్‌కి, అంటే రెండు జట్లవాళ్లూ వంతులవారీగా ఒక్కొక్కరే వచ్చి గోలీ మీద కొట్టే దశకి వెళ్లింది. కట్టిమణి ముగ్గురివి ఆపాడు. అందులో నిషు కుమార్ కొట్టినదాన్ని ఆపితే, గోలీ ముందే లైన్ దాటాడని రిఫరీ మళ్లీ కొట్టమన్నాడు. మళ్లీ ఆపాడు. షూటౌట్ 3–1, హైదరాబాద్‌కి మొదటి ఐఎస్ఎల్ కప్పు.

కోచింగ్‌కి వచ్చే పిల్లలకు ఆ రెండోసారి ఆపిన సేవ్‌నే నేను చూపిస్తుంటాను. ఆపి సంబరపడ్డాక చెల్లదు అన్నారు. అక్కడ చాలామంది రిఫరీతో గొడవకు దిగుతారు, మనసు అక్కడే చిక్కుకుపోతుంది, రెండోది వదిలేస్తారు. అతను వెనక్కి నడిచి లైన్ మీద నిలబడ్డాడు.

అన్ని కథలూ ఇలాగే ముగియవు, అది కూడా చెప్పాలి. 2018 మే 26న కీవ్‌లో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో లివర్‌పూల్ గోలీ లోరిస్ కరియస్ చేత్తో విసిరిన బంతి బెంజెమా కాలికి తగిలి గోలైంది, తర్వాత బేల్ దూరం నుంచి కొట్టిన షాట్ చేతుల్లోంచి జారిపోయింది. మ్యాచ్ అయ్యాక ఏడుస్తూ జనం ముందుకెళ్లి రెండు చేతులూ జోడించాడు. కొద్ది రోజులకు బోస్టన్‌లో డాక్టర్లు పరీక్షిస్తే మ్యాచ్‌లో తలకు తగిలిన దెబ్బ వల్ల కంకషన్, అంటే మెదడు అదిరే గాయం అయిందని తేలింది. అప్పటికే లోకం తీర్పు చెప్పేసింది. ఆ వేసవిలోనే లివర్‌పూల్ ఇంకో గోలీ అలిసన్‌ని కొనుక్కుంది. కరియస్ ఆడుతూనే ఉన్నాడు, 2023లో న్యూకాజిల్ తరఫున వెంబ్లీలో లీగ్ కప్ ఫైనల్ కూడా ఆడాడు, ఓడిపోయారు. కప్పు రాకపోయినా ఐదేళ్ల తర్వాత ఇంకో ఫైనల్లో గ్లవ్స్ వేసుకుని నిలబడటాన్ని నేను చిన్న విషయంగా చూడలేను.

గోల్ పడిన వెంటనే, ఆ క్షణంలో ఏం చేయాలి?

మా గ్రౌండ్‌లో పదమూడేళ్ల కుర్రాడొకడు ఉన్నాడు. మొన్న వానాకాలంలో తడి గడ్డి మీద మెల్లగా దొర్లుతూ వచ్చిన బంతి వాడి కాళ్ల మధ్యనుంచి వెళ్లిపోయింది. వాడు వెనక్కి తిరిగి వలకున్న చిరుగులో వేలు పెట్టి, దారాన్ని మెలితిప్పుతూ అలాగే ఉండిపోయాడు. సెంటర్ నుంచి ఆట మొదలైంది, అవతలివాళ్లు మళ్లీ బంతి లాక్కున్నారు, దూరం నుంచి కొట్టారు, రెండో గోల్. అప్పటికీ వాడి వేలికి దారం చుట్టుకునే ఉంది. మొదటి గోల్ వాడి తప్పే కావచ్చు, రెండోది మాత్రం ఆ దారం వల్ల పడింది.

ఆ తర్వాత వాడికి ఒక పని నేర్పాను. గోల్ పడగానే ఎడమ చేతి గ్లవ్ పట్టీ చర్రున లాగి విప్పు. విప్పి ఉన్నంతసేపు ఎంత తిట్టుకుంటావో తిట్టుకో, ఎక్కడ తప్పు చేశావో ఒక్క మాటలో చెప్పుకో, 'అడుగు లేటు' అనో 'చేతులు కిందికి రాలేదు' అనో. బంతి సెంటర్‌కి చేరేసరికి పట్టీ బిగించెయ్. బిగించాక ఆ గోల్ గురించి మాట్లాడేది మ్యాచ్ అయ్యాకే. ఇది నేను కనిపెట్టినది కాదు, పెద్ద గోలీలు కూడా నీళ్ల సీసా అందుకోవడం, పోస్ట్‌ని చేత్తో తట్టడం, గ్లవ్స్ రెండూ గట్టిగా చరచడం చేస్తూనే ఉంటారు. మనసుని పిలిస్తే రాదు, చేతికి ఒక పని చెప్తే దాని వెంట అదే వస్తుంది.

ఇంకొకటి, గోల్ పడ్డాక వెంటనే డిఫెండర్ మీద అరవకండి. అరుపు మీ భయాన్ని అతని మీదికి తోసెయ్యడానికే పనికొస్తుంది, రాబోయే ఐదు నిమిషాలు మీకు కావలసింది అతనే. తప్పు సరిదిద్దుకోవాలన్న ఆత్రంలో రాని క్రాస్‌కి కూడా ముందుకు ఉరకడం మరో ప్రమాదం. ఒక గోల్ పడ్డ గోలీ రెండోది ఇచ్చేది ఎక్కువగా ఈ ఆత్రంతోనే అని నా అనుభవం.

నలభై నిమిషాలు బంతే రాదు. అకస్మాత్తుగా ఒక్క షాట్. ఏకాగ్రత ఎలా నిలుపుకోవాలి?

తొంభై నిమిషాలూ ఒకేలా ఏకాగ్రత పెట్టడం ఏ మనిషి వల్లా కాదు, ప్రయత్నిస్తే అరవయ్యో నిమిషానికి తల మొద్దుబారిపోతుంది. లాంతరు వత్తిలాగా అనుకోండి. బంతి అవతలి గోల్ దగ్గరుంటే వత్తి తగ్గించండి, ఊపిరి వదలండి, నీళ్లు తాగండి, కానీ పూర్తిగా ఆర్పొద్దు. బంతి సగం గీత దాటగానే పెంచండి. పెనాల్టీ బాక్స్ దగ్గరికొచ్చేసరికి మొత్తం వెలుగు బంతి మీదే.

వత్తి ఆరకుండా ఉండాలంటే మాట్లాడుతూ ఉండాలి. 'వెనక మనిషి', 'టైముంది', 'కుడి జరుగు' అంటూ డిఫెండర్లకు చెబుతూ ఉంటే వాళ్లకెంత ఉపయోగమో తెలియదు గానీ చెప్పడం కోసమైనా మీరు చూస్తూ ఉంటారు. జట్టు ముందుకెళ్లినకొద్దీ మీరూ బాక్స్ అంచుదాకా నడవండి. గోల్ లైన్ మీద పాతేసినట్టు నిలబడ్డ గోలీ కాళ్లే కాదు, ఆలోచన కూడా బిగుసుకుపోతుంది.

పెనాల్టీ అప్పుడు గోలీ మనసులో ఏం నడుస్తుంది?

చూసేవాళ్లు ఒకటి మర్చిపోతారు. పెనాల్టీలో ఒత్తిడంతా కొట్టేవాడిదే. 11 మీటర్ల దూరం, బంతి దాదాపు అర సెకనులో లైన్ దాటేస్తుంది, గోల్ పడితే గోలీని ఎవరూ ఏమీ అనరు. ఆపితే మాత్రం ఊరంతా చెప్పుకుంటారు. మ్యాచ్ మొత్తంలో గోలీకి పోయేదేమీ లేని సందర్భం ఇదొక్కటే, దీన్ని పండగలా తీసుకోమని పిల్లలకు చెబుతాను.

అయినా గోలీలు కూడా తొందరపడతారు. ఇజ్రాయెల్ పరిశోధకులు మైఖేల్ బార్ ఎలీ బృందం 2007లో 286 పెనాల్టీలను పరిశీలించింది. గోలీలు 93.7 శాతం సార్లు ఏదో ఒక పక్కకు దూకారు, మధ్యలో నిలబడింది 6.3 శాతమే. షాట్లలో మాత్రం 28.7 శాతం మధ్యకే వచ్చాయి. మరి ఎందుకు దూకుతారు? నిలబడి ఉండగా గోల్ పడితే 'కదల్లేదు, చేతకానివాడు' అంటారు. దూకి పడితే 'పాపం, ప్రయత్నించాడు' అంటారు. అంటే మనం బంతిని చూసి కాదు, జనం నోటికి భయపడి దూకుతున్నాం. ప్రతిసారీ మధ్యలో నిలబడమని నేను అనడం లేదు, ఈ భయం మీలో ఉందని తెలిసి ఉంటే చాలు, కొట్టేవాడి పాదం నేలన ఆనేదాకా ఆగే ఓపిక వస్తుంది.

సన్నద్ధత కూడా ధైర్యమే. 2006 ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్లో అర్జెంటీనాతో షూటౌట్‌కి ముందు జర్మనీ గోలీల కోచ్ ఆండ్రియాస్ కోప్కే, ఎవరు ఎటు కొడతారో హోటల్ కాగితం మీద పెన్సిల్‌తో రాసిచ్చాడు. గోలీ లేమన్ దాన్ని సాక్స్‌లో పెట్టుకున్నాడు. అర్జెంటీనా నుంచి ఆఖరుగా వచ్చిన కాంబియాసో పేరు ఆ చీటీలో లేనే లేదు. అయినా లేమన్ నింపాదిగా కాగితం తీసి, చదివి, తలెత్తి చూశాడు. వీడికి నా గురించి అన్నీ తెలుసు అని అవతలివాడు అనుకుని ఉంటే ఆశ్చర్యం లేదు. లేమన్ దాన్ని ఆపేశాడు. 2012 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో చెల్సీ గోలీ పీటర్ చెక్ ఎక్స్‌ట్రా టైంలో ఒకటి, షూటౌట్‌లో ఐదు, మొత్తం ఆరు పెనాల్టీలకూ సరైన వైపే దూకాడు, అదంతా వీడియోలు చూసి చదువుకుని వచ్చిన ఫలితం.

మన ఇండియా గోలీ గుర్‌ప్రీత్ సింగ్ సంధు కూడా 2023 జూలై 4న బెంగళూరులో శాఫ్ (దక్షిణాసియా జట్ల టోర్నీ) ఫైనల్లో కువైట్ కెప్టెన్ కొట్టిన ఆరో కిక్‌ని ఎడమ పక్కకు దూకి ఆపాడు. దాంతోనే కప్పు వచ్చింది.

మైండ్ గేమ్స్ ఆడటం తప్పా? మార్టినెజ్ చేసినట్టు?

2022 ప్రపంచ కప్ ఫైనల్ షూటౌట్‌లో అర్జెంటీనా గోలీ ఎమిలియానో మార్టినెజ్ మొదట ఫ్రాన్స్ ఆటగాడు కోమన్ కిక్‌ని ఆపాడు, తర్వాత షువామెని వచ్చేసరికి బంతిని దూరంగా విసిరేశాడు, అతను వెళ్లి తెచ్చుకుని కొట్టి బయటికి పంపాడు. 2023 జూలై నుంచి రూల్ మార్చారు, గోలీ కిక్ ఆలస్యం చేయడం, పోస్ట్‌నీ క్రాస్ బార్‌నీ వలనీ ముట్టుకుని కొట్టేవాడి దృష్టి అన్యాయంగా మరల్చడం కుదరదు. నాకు నచ్చిన మార్పే. లైన్ మీద ఎత్తుగా నిలబడండి, చేతులు చాపండి, కళ్లలోకి చూడండి, అంతవరకు న్యాయమే. పిల్లల మ్యాచుల్లో బూతులు తిట్టడం, వెక్కిరించడం నేను ఒప్పుకోను, అలా చేసినవాణ్ని ఆ రోజుకు బయట కూర్చోబెడతాను.

రెండో గోలీగా ఏళ్ల తరబడి బెంచ్ మీదే ఉన్నాను. మనసు విరిగిపోతోంది. ఏం చేయను?

ఇది నిజంగా కష్టం. జట్టులో నలుగురు మిడ్‌ఫీల్డర్లు ఆడతారు, గోలీ మాత్రం ఒక్కడే, అతనికి దెబ్బ తగిలితే తప్ప మీకు చోటు రాదు, మరి సాటి మనిషికి దెబ్బ తగలాలని కోరుకోలేరు కదా.

ఇందాకటి మార్టినెజ్‌నే తీసుకోండి. 2010లో ఇంగ్లండ్ క్లబ్ ఆర్సెనల్‌కి వెళ్లాడు. ఆక్స్‌ఫర్డ్, షెఫీల్డ్ వెన్స్‌డే, రోథర్‌హామ్, వుల్వ్స్, గెటాఫె, రెడింగ్, ఇలా ఆర్సెనల్ అప్పుగా పంపిన జట్లకు ఆడుతూ ఊరూరా తిరిగాడు. మొదటి గోలీకి దెబ్బ తగిలి అసలైన అవకాశం వచ్చేసరికి 2020 అయింది. ఆ ఏడాదే ఆస్టన్ విల్లాకి మారాడు, రెండేళ్లలో ప్రపంచ కప్పు చేతిలో ఉంది. ఇంగ్లండ్ మహిళల గోలీ మేరీ ఇయర్ప్స్ జాతీయ జట్టులో చోటు పోయి ఆట మానేద్దామా అన్నంతవరకు వెళ్లింది. 2023 ప్రపంచ కప్ ఫైనల్లో పెనాల్టీ ఆపింది, ఉత్తమ గోలీకిచ్చే గోల్డెన్ గ్లోవ్ తీసుకుంది.

అయితే నన్ను ఎక్కువ కదిలించే దృశ్యం వేరే. మళ్లీ 2006, బెర్లిన్. నంబర్ వన్ చోటు లేమన్‌కి ఇచ్చేసి కాన్‌ని బెంచ్ మీద కూర్చోబెట్టారు. ఇద్దరికీ ఏళ్లుగా పడదు. నాలుగేళ్ల ముందు యోకొహామాలో ప్రపంచ కప్ ఫైనల్లో బ్రెజిల్ ఆటగాడు రివాల్డో షాట్ కాన్ చేతుల్లోంచి జారి రొనాల్డో కాళ్ల దగ్గర పడింది, మ్యాచ్ అయ్యాక పోస్ట్‌కి ఆనుకుని ఒంటరిగా కూర్చున్నాడు. సొంత దేశంలో జరిగే ప్రపంచ కప్పే అతనికి మిగిలిన అవకాశం, అదీ పోయింది. షూటౌట్ మొదలయ్యే ముందు అదే కాన్ లేమన్ దగ్గరికి నడిచి వెళ్లి, వంగి, చేయి పట్టుకుని, చెవి దగ్గర ఏదో చెప్పాడు. నేను గుండె దిటవు అనే మాటకు అర్థం చెప్పమంటే ఆ చేయి పట్టుకోవడమే చూపిస్తాను.

మీకు చెప్పేదొక్కటే, ప్రాక్టీస్‌లో మొదటి గోలీ కన్నా పది నిమిషాలు ముందు రండి. నెదర్లాండ్స్ కోచ్ వాన్ గాల్ 2014 ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్లో కోస్టారికా మీద 120వ నిమిషంలో టిమ్ క్రూల్‌ని షూటౌట్ కోసమే దింపాడు. ఆ టోర్నీలో అప్పటిదాకా ఒక్క నిమిషం ఆడని క్రూల్ రెండు ఆపాడు.

దెబ్బలంటే భయం వేస్తోంది. ముందుకు ఉరకలేకపోతున్నాను.

భయం వేయడం సహజం, ముఖ్యంగా ఒకసారి గట్టిగా తగిలాక. 2006 అక్టోబర్‌లో రెడింగ్‌తో మ్యాచ్ మొదటి నిమిషంలోనే ప్రత్యర్థి మోకాలు తగిలి పీటర్ చెక్ పుర్రె ఎముక చిట్లింది. మూడు నెలల తర్వాత తలకు రక్షణ కవచం పెట్టుకుని తిరిగొచ్చాడు, రిటైరయ్యేదాకా దాన్ని తీయలేదు. ధైర్యవంతుడు హెల్మెట్ పెట్టుకోడని ఎవరైనా అంటే చెక్ పేరు చెప్పండి.

1956 ఎఫ్‌ఏ కప్ ఫైనల్లో మాంచెస్టర్ సిటీ గోలీ ట్రాట్‌మాన్ మెడ ఎముక విరిగినా చివరిదాకా ఆడాడు. అప్పట్లో సబ్‌స్టిట్యూట్లు లేరు, ఎముక విరిగిందని అతనికీ తెలియదు. దాన్ని ఆదర్శంగా చెప్పేవాళ్లంటే నాకు కోపం. తలకు తగిలితే, కళ్లు తిరిగితే, వెంటనే బయటికి రావాల్సిందే. భయం పోగొట్టుకోవడానికి మళ్లీ మొదటి మెట్టు నుంచి రండి: మోకాళ్ల మీద కూర్చుని మెల్లగా వచ్చే బంతి కాళ్ల దగ్గర పట్టడం, తర్వాత నడుస్తూ వచ్చే మనిషి, ఆ తర్వాత పరుగెత్తుతూ వచ్చే మనిషి. రెండు వారాలు పడుతుంది, ఆరు పట్టినా పరవాలేదు.

సైకాలజిస్ట్ దగ్గరికి వెళ్తే 'వీడు మెంటల్' అంటారేమో?

అనేవాళ్లు అంటారు. మోకాలు నొప్పికి ఫిజియో దగ్గరికి వెళ్తే ఏమీ అనరు, ఇదీ అంతే అని మనం చెబుతూనే ఉండాలి. ప్రపంచ కప్ గెలిచిన మార్టినెజ్ తనకు సైకాలజిస్ట్ ఉన్నాడని దాచుకోలేదు. ఇటలీ గోలీ జాన్‌లూయీజీ బఫన్ 2004 ప్రాంతంలో, జువెంటస్‌కి ఆడుతూ పేరూ డబ్బూ అన్నీ ఉన్న రోజుల్లోనే, నెలల తరబడి డిప్రెషన్‌తో బాధపడ్డాడు, కాళ్లు వణికేవని తర్వాత తనే చెప్పాడు. టురిన్‌లో మార్క్ షగాల్ బొమ్మల ప్రదర్శనకు వెళ్లి ఒక చిత్రం ముందు నిలబడిపోయానని, మళ్లీ వెలుగు కనపడటం అక్కడ మొదలైందని రాశాడు. 2006లో ప్రపంచ కప్ ఎత్తాడు.

జర్మనీ గోలీ రాబర్ట్ ఎంకే మాత్రం దాచుకున్నాడు. డిప్రెషన్ సంగతి బయటపడితే ఆట పోతుంది, దత్తత తీసుకున్న పాపను కూడా తీసుకెళ్లిపోతారు అని భయపడ్డాడు. 2009 నవంబర్ 10న ప్రాణం తీసుకున్నాడు, వయసు 32. మర్నాడు అతని భార్య తెరెసా మీడియా ముందుకొచ్చి, అన్నాళ్లూ ఇద్దరూ మోసిన బరువు గురించి మాట్లాడింది. ఇప్పుడు ఎంకే పేరుతో నడిచే ఫౌండేషన్ డిప్రెషన్ గురించే పనిచేస్తోంది.

నిద్ర పట్టకపోవడం, ఆట మీదే కాదు తిండి మీద కూడా ఇష్టం పోవడం, బతికి ఏం లాభం అనిపించడం, వీటిలో ఏది ఉన్నా మ్యాచ్ గురించి తర్వాత ఆలోచించవచ్చు. ఇంట్లో ఒకరికి చెప్పండి, డాక్టర్‌ని కలవండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబర్ 14416, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు.

మావాడు గోలీ. తల్లిదండ్రులుగా మేమేం చేయాలి?

కాలేజీలో ఒక నాకౌట్ మ్యాచ్‌లో నా చేతుల్లోంచి బంతి జారి ఓడిపోయాం. తిరుగు ప్రయాణంలో బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉండిపోయింది. ఎవరూ తిట్టలేదు, కానీ ఎవరూ కూర్చోలేదు, మూడు గంటలు కిటికీలోంచి చీకట్లోకి చూస్తూ వచ్చాను. ఆ గోల్ ఎలా పడిందో ఇప్పుడు సరిగ్గా గుర్తులేదు, ఆ సీటు మాత్రం కళ్లముందే ఉంది.

అందుకని ముందు పక్కన కూర్చోండి. స్కూటర్ మీద ఇంటికొచ్చే దారిలో 'అది ఎలా వదిలావురా' అని అడగకండి, వాడికి మీకంటే బాగా తెలుసు. ఆకలేస్తోందా అని అడగండి. వాడే మొదలుపెడితే వినండి. మ్యాచ్ నడుస్తుండగా గోల్ వెనక నిలబడి సలహాలు అరవకండి, వాడు బంతిని వదిలి మీ మొహం చూస్తాడు. పన్నెండేళ్లలోపు పిల్లల్ని గోలీగానే కట్టిపడేయకండి, ముందు కూడా ఆడనివ్వండి.

గోలీగా మొదలుపెట్టడానికి వయసు మించిపోయిందా?

డీనో జోఫ్ 40 ఏళ్ల వయసులో ఇటలీ కెప్టెన్‌గా 1982 ప్రపంచ కప్ గెలిచాడు. బఫన్ 45వ ఏట రిటైరయ్యాడు. పదిహేనేళ్లవాడు 'లేటైపోయిందా సార్' అని అడిగితే నాకు మాట రాదు.

మన దగ్గర చెప్పుకోదగ్గ గోలీలు ఎవరైనా ఉన్నారా?

పీటర్ తంగరాజ్. 1935లో హైదరాబాద్‌లో పుట్టాడు, సికింద్రాబాద్ క్లబ్బుల్లో ఆడి సైన్యంలో చేరాడు. మొదట సెంటర్ ఫార్వర్డ్, తర్వాతే గోలీ అయ్యాడు. 1956, 1960 ఒలింపిక్స్‌కి వెళ్లాడు, మన హైదరాబాదీ కోచ్ రహీమ్ సాబ్ ఆధ్వర్యంలో జకార్తాలో 1962 ఏషియన్ గేమ్స్ బంగారు పతకం తెచ్చిన జట్టులో ఉన్నాడు, 1967లో అర్జున అవార్డు అందుకున్నాడు. గోల్ కొట్టేవాడి బుర్ర ఎలా పనిచేస్తుందో లోపలినుంచి తెలిసిన గోలీ అన్నమాట. పిల్లల్ని ముందు కూడా ఆడనివ్వమని పైన చెప్పింది అందుకే.

ఈ కాలంలో అయితే 2019 సెప్టెంబర్ 10, దోహా. ఆ ఏడాదే ఆసియా కప్ గెలిచిన ఖతార్, వాళ్ల సొంత గడ్డ. మన జట్టులో సునీల్ ఛెత్రి లేడు, కెప్టెన్ గుర్‌ప్రీత్. షాట్ మీద షాట్ వస్తూనే ఉంది, ఒకటి ఆపి లేచేలోపే ఇంకొకటి. 0–0. వీలైతే ఆ మ్యాచ్ మొత్తం చూడండి, హైలైట్స్ కాదు. ప్రతి సేవ్ తర్వాత అతను ఏం చేస్తున్నాడో చూడండి.

అద్భుతమైన సేవ్ చేశాక? అప్పుడైనా సంబరపడొచ్చా?

ఒక అరుపు అరవండి, చాలు. 2022 ప్రపంచ కప్ ఫైనల్ 123వ నిమిషంలో ఫ్రాన్స్ ఆటగాడు కోలో మువానీ ఒంటరిగా దూసుకొచ్చి కొట్టిన బంతిని మార్టినెజ్ ఎడమ కాలు చాపి ఆపాడు. ఫుట్‌బాల్‌లో ఇంతకన్నా విలువైన సేవ్ నేను చూడలేదు. అప్పుడు కూడా ఆట ఆగలేదు, బంతి అటు చివరికి వెళ్లింది, అర్జెంటీనా హెడర్ పక్కనుంచి పోయింది, ఆ వెంటనే పెనాల్టీలకు సిద్ధం కావాల్సి వచ్చింది.

మీకైతే సేవ్ తర్వాత వచ్చేది చాలాసార్లు కార్నరే. లేవండి, గ్లవ్స్ తుడుచుకోండి, దగ్గరి పోస్ట్ దగ్గర ఎవరున్నారో చూడండి. ఎవరూ లేకపోతే పేరు పెట్టి పిలవండి, గట్టిగా.